ఘనతలంపై ద్రవపు పొర: కంటికి కానరాని పయనం

హరికేన్ లాంతరు వాడినవారికి ఒక విషయం అనుభవమే. సాయంత్రం చమురు బుడ్డిని పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి పెట్టినా, తెల్లవారేసరికి దాని వెలుపలి వైపు కిరసనాయిలు జిడ్డు మళ్లీ చేరుతుంది. బుడ్డికి చిల్లు ఉండదు, మూత వదులుగా ఉండదు. చమురు అతి పలుచని పొరగా లోహపు తలాన్ని అంటిపెట్టుకొని పైకి ప్రాకి, అంచు దాటి, వెలుపలికి దిగుతుంది. ఇంటిలో చిన్న చికాకుగా కనిపించే ఈ గుణమే వర్క్‌షాపులో రంగు నిలవడాన్నీ, సబ్‌స్టేషనులో ఇన్సులేటరు నిలవడాన్నీ నిర్ణయిస్తున్నది. ఈ సంగతిని అన్ని విభాగాల మిత్రులతోను పంచుకోవాలనే తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తడపడం అంటే ఏమిటి?

ఘనతలం మీద బొట్టు వేసిన క్షణం నుండి రెండు బలాలు పోటీ పడతాయి. ద్రవపు అణువులను ఒకదానితో ఒకటి బంధించేది సంసంజన బలం. వాటిని తలం వైపు లాగేది ఆసంజన బలం. మొదటిది గెలిస్తే, తామరాకు మీది నీటివలె బొట్టు గుండ్రంగా నిలుస్తుంది. రెండవది గెలిస్తే పరచుకుంటుంది. బొట్టు అంచు తలంతో చేసే కోణమే స్పర్శకోణం. తలతన్యతల సమతుల్యమే ఈ కోణాన్ని నిర్ణయిస్తుందని 1805లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ వివరించాడు. టెఫ్లాన్ మీద నీటి స్పర్శకోణం సుమారు 110 డిగ్రీలు. మిక్కిలి శుభ్రమైన గాజు మీద దాదాపు శూన్యం. కిరసనాయిలు తలతన్యత నీటిదానిలో మూడవ వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే. అందువల్లనే లోహం కనబడితే చాలు, అది పరచుకుంటుంది.

ముందు నడిచే పొర

బొట్టు చివరకు ఏ ఆకృతిలో నిలుస్తుందో యంగ్ సూత్రం చెబుతుంది గాని, అది పరచుకొనే తీరు చెప్పదు. ఈ తీరు మిక్కిలి విచిత్రమైనది. పూర్తిగా తడిపే స్నిగ్ధ ద్రవపు చిన్న బొట్టు వ్యాసార్థం, కాలపు పదవ మూలానికి అనుపాతంలో పెరుగుతుంది. 1979లో టానర్ ప్రకటించిన ఈ నియమం ప్రకారం వ్యాసార్థం రెట్టింపు కావాలంటే కాలం 1024 రెట్లు కావాలి. ఒక సెకను వయసు గల బొట్టు రెట్టింపు కావడానికి పదిహేడు నిమిషాలు పడితే, మరొకమారు రెట్టింపు కావడానికి పన్నెండు రోజులు పడుతుంది!

అయితే కంటికి కనిపించే బొట్టు ఇలా కుంటుతూ ఉండగా, కనిపించని భాగం ముందే సాగిపోతుంది. బొట్టు అంచుకు వెలుపల గాజు తలపు ఘర్షణ తగ్గిపోవడాన్ని బట్టి, అక్కడ అదృశ్యమైన పొర ఒకటి ఉన్నదని 1919లో హార్డీ గ్రహించాడు. ఈ పూర్వగామి పొర మందం నానోమీటర్లలో, అనగా మిల్లీమీటరులో పది లక్షల వంతుల లెక్కన ఉంటుంది. దీని పొడవు కాలపు వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుంది. అంటే నాలుగింతల కాలంలోనే రెట్టింపు అవుతుంది. ద్రవాన్ని ముందుకు లాగే అదనపు శక్తి అంతా ఈ పలుచని పొరలోని ఘర్షణకే ఖర్చయిపోతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద జెన్ 1985లో తన సమీక్షా వ్యాసంలో విశదీకరించాడు. ఆయన 1991లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానం అందుకొన్నాడు.

రంగులో శత్రువు

వర్క్‌షాపు పనికి ఇందులోని పాఠం ఒక్కటే: కంటికి శుభ్రంగా కనిపించే తలం శుభ్రమైనది కానక్కరలేదు. మాకు తెలిసిన ఒక కర్మాగారంలో కొత్తగా రంగు వేసిన ప్యానెళ్ల మీద చిన్న చిన్న గుంటలు పడసాగాయి. రంగు మార్చారు, పలుచన చేసే ద్రావకం మార్చారు, ఫలితం లేదు. చివరకు ప్రక్క షెడ్డులో తలుపు రబ్బరులకు వాడుతున్న సిలికోన్ స్ప్రే కారణమని తేలింది. సిలికోన్ నూనె తలతన్యత నీటిదానిలో మూడవ వంతు కన్న తక్కువ. అది చేతి తొడుగుల వెంట, గాలి వెంట వచ్చి తలంపై వ్యాపిస్తుంది. ఆ చోటి నుండి రంగు ప్రక్కకు తొలగిపోతుంది.

దీనిని ముందుగా పట్టుకొనేందుకు ఖర్చులేని పరీక్ష ఉన్నది. కడిగిన రేకు మీద శుభ్రమైన నీరు పోసి, నిలువుగా పట్టుకోవాలి. నీరు తెగని పొరగా నిలిస్తే తలం శుభ్రం. పొర చీలి బొట్లుగా మారితే జిడ్డు మిగిలి ఉన్నట్లే. కాని డిటర్జెంటు మిగిలి ఉంటే జిడ్డు మీద కూడా నీరు పరచుకొని మనలను మోసగిస్తుంది. కనుక పరీక్షకు ముందు రేకును మంచినీటితో బాగా కడగడం తప్పనిసరి.

ఇన్సులేటరుపై మిత్రుడు

సముద్రతీర ప్రాంతాలలో పింగాణీ ఇన్సులేటర్లపై ఉప్పు, ధూళి పేరుకుంటాయి. తెల్లవారుజామున మంచు పడగానే నీరు తెగని పొరగా పరచుకొని, ఉప్పును కరిగించుకొని, విద్యుత్తుకు దారి ఇస్తుంది. లీకేజి కరెంటు పెరిగి ఫ్లాషోవర్ సంభవిస్తుంది. సిలికోన్ రబ్బరు పూత వేసినచోట నీరు విడివిడి బొట్లుగానే నిలుస్తుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి. పూత మీద ధూళి చేరినా, రబ్బరులోని పొట్టి అణుగొలుసులు మెల్లగా పైకి వచ్చి ఆ ధూళిని కూడ కప్పి, దానికి నీటిని వికర్షించే గుణాన్ని కలిగిస్తాయి. ప్యానెలును పాడుచేసిన పదార్థమే ఇచ్చట లైనును కాపాడుతున్నది.

కాబట్టి పదార్థం మంచిదా, చెడ్డదా అన్నది దానిని ఉంచిన చోటును బట్టి ఉంటుంది. రంగుల షెడ్డు దరిదాపులకు సిలికోన్ రానీయకపోవడం, కడిగిన రేకును ఉత్త చేతితో ముట్టకపోవడం, గాలి కంప్రెసరు ఫిల్టరును వేళకు మార్చడం, ఇవి చిన్న పనులే. వీనిని చేసే హెల్పరు సోదరుని పనిని తేలికగా చూడరాదని మా మనవి. ఆరు నెలల తరువాత తుప్పు పట్టే రేకు భవితవ్యం అతని చేతి గుడ్డలోనే నిర్ణయమవుతుంది.