లండన్ సహాయక అంబులెన్సు సర్వీసు - మహిళల సమానత్వం

లండన్ సహాయక అంబులెన్సు సర్వీసు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దాడులలో గాయపడిన పౌరులను ఆసుపత్రులకు చేర్చిన సంస్థ. దీనిని లండన్ కౌంటీ కౌన్సిల్ నిర్వహించినది. ఇందులోని పదివేల మందికి పైగా సిబ్బందిలో అత్యధికులు స్త్రీలు. పని ఒకటే అయినా స్త్రీలకు వేతనమే కాక, గాయపడినప్పుడు లభించే పరిహారం కూడా పురుషులకంటే తక్కువగా ఉండేది.

పూర్వరంగం

ఇంగ్లాండులో స్త్రీలు అంబులెన్సులు నడపడం ఈ యుద్ధంతో మొదలైనది కాదు. 1907లో ఏర్పడిన ఫస్ట్ ఎయిడ్ నర్సింగ్ యోమన్రీ అనే మహిళా దళం 1914లో సేవలు అందించడానికి ముందుకు రాగా బ్రిటిషు సైన్యం అంగీకరించలేదు. ఆ దళం బెల్జియం సైనికులకు సేవ చేసినది. 1916 జనవరి 1 నుండి మాత్రమే ఆ స్త్రీలు బ్రిటిషు సైన్యానికి అధికారికంగా వాహనాలు నడిపారు. అదే సంవత్సరం జులై నాటికి లండన్ కౌంటీ కౌన్సిల్ అంబులెన్సు దళం పూర్తిగా స్త్రీలతోనే నడిచినది.

పని విధానం

1939లో లండన్ అంతటా 139 సహాయక స్టేషన్లు ఏర్పడ్డాయి. వ్యాపార వ్యానులను, సొంత కార్లను మార్చి అంబులెన్సులుగా వాడేవారు. ఒక్కొక్క బండికి డ్రైవరు, అటెండెంటు ఉండేవారు. శత్రు విమానాలకు కనబడకుండా ఉండుటకు వీధి దీపాలు ఆర్పివేసి, బండి దీపాలకు తొడుగులు వేసేవారు. శిథిలాలు, బాంబు గుంతల మధ్య ఆ మసక వెలుతురులోనే క్షతగాత్రులను తరలించవలసి వచ్చేది. 1940 సెప్టెంబరు 7న మొదలైన దాడులు (బ్లిట్జ్) 1941 మే వరకు సాగాయి. సెయింట్ పాంక్రాస్ ప్రాంతంలో అగస్టస్ వీధిలోని 50వ స్టేషనులో భారతీయుల విభాగం కూడా ఉండేది.

వేతనం, పరిహారం

పౌర రక్షణలో పూర్తికాలం పనిచేసేవారికి ప్రభుత్వం నిర్ణయించిన తొలి వేతనం వారానికి పురుషునికి 3 పౌండ్లు, స్త్రీకి 2 పౌండ్లు. తరువాత రేట్లు పెరిగినా తేడా తొలగలేదు.

పరిహారం విషయం ఇంతకంటే విచిత్రమైనది. యుద్ధంలో గాయపడిన పౌరులకు ఇచ్చే సహాయం కూడా స్త్రీలకు తక్కువే. స్త్రీల సంపాదన ఎలాగూ తక్కువే కదా అన్నది దీనికి చెప్పిన సమర్థన. అంటే మొదటి అన్యాయమే రెండవ అన్యాయానికి ఆధారమైనది. సమాన పరిహారానికి ఒప్పుకొంటే సమాన వేతనం కూడా అడుగుతారన్న భయం ప్రభుత్వానికి ఉండేది.

కన్సర్వేటివ్ సభ్యురాలు మేవిస్ టేట్, లేబర్ సభ్యురాలు ఎడిత్ సమ్మర్‌స్కిల్ పార్టీ భేదం లేకుండా ఈ విషయంపై పోరాడారు. 1942 నవంబరులో కామన్స్ సభలో టేట్ తీర్మానం 95-229 ఓట్లతో వీగిపోయినది. అయినా అనుకూలంగా పడిన ఓట్లను తేలికగా తీసుకొనలేక ప్రభుత్వం పరిశీలనకు ఒక సంఘాన్ని నియమించినది. 1943లో సమాన పరిహారం అమలైనది.

తరువాతి పరిణామాలు

వేతనాలలో సమానత్వం రావడానికి ఇంకా చాలా కాలం పట్టినది. 1944లో నియమించిన రాయల్ కమిషన్ 1946లో నివేదిక ఇచ్చినా వెంటనే మార్పు రాలేదు. సమాన వేతన చట్టం 1970లో ఆమోదం పొంది 1975 డిసెంబరు 29న అమలులోకి వచ్చినది. అప్పటికి బ్లిట్జ్ ముగిసి ముప్పది నాలుగు ఏళ్ళు గడిచాయి. చివరిగా మూసివేసిన సహాయక స్టేషన్లలో ఒకటైన, వేమౌత్ మ్యూస్‌లోని 39వ స్టేషను వద్ద వీరి సేవకు గుర్తుగా ఒక ఫలకం ఉన్నది.