ఈసుకుపోయిన గేదెలో ఎద ఎందుకు తప్పుతుంది?

పటమట దాటి బందరు రోడ్డున కంకిపాడు వైపు వెళ్లే దారిలో ఒక సంఘం రికార్డులు తనిఖీ చేస్తుండగా, ఏళ్లుగా రెండు పూటలా పాలు పోస్తున్న ఒక సభ్యురాలి పేరు ఎదుట నాలుగు నెలలుగా గీతలే కనిపించాయి. కబురు చేస్తే వచ్చి చెప్పింది. ఏడో నెల చూడిలో గేదె ఈసుకుపోయిందట. పదిహేను రోజులకే ఎద చూపితే సూది వేయించారు, నిలవలేదు. తరువాత నెలన్నర ఎద జాడే లేదు. మళ్లీ వస్తే మళ్లీ వేయించారు. ఈసారి తీగలో చీము కనిపించింది. "ఇక గొడ్డుపోయినట్టేనండీ, బేరగాడు బయానా కూడా ఇచ్చాడు" అన్నది.

ఆ గేదె గొడ్డుపోలేదు. తొందరపడింది మనుషులే.

మామూలుగా గేదె 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. చూడి కట్టినప్పుడు అండాశయం మీద పసుపుపచ్చని బొడిపె ఒకటి నిలిచి, చూడిని కాపాడే రసాన్ని తయారుచేస్తూ ఎదను ఆపి ఉంచుతుంది. ఈసుకుపోయాక అది కరిగిపోతుంది గాని, అండాశయం వెంటనే పాత లెక్కకు రాదు. మొదటి అండం పైకి ఏ లక్షణమూ లేకుండానే విడుదల కావచ్చు. దీనినే మూగ ఎద అంటాము. ఒక్కోసారి ఎద కనిపించినా అండం విడుదల కాదు. ఒకటి రెండు విడతలు తేదీలు అటూ ఇటూ కావడం సహజమే.

గర్భకోశం సంగతి వేరు. సక్రమంగా ఈనినా అది ముడుచుకొనేందుకు 30 నుంచి 45 రోజులు పడుతుంది. ఈసుకుపోయినప్పుడు మాయ పడక లోపల కుళ్లితే ఇంకా ఆలస్యం. చీము నిలిచిపోతే ఆ పసుపు బొడిపె కరగదు, ఎదా రాదు. అందుచేత నెల రోజులకు పశువైద్యునిచేత చేయి పెట్టి చూపించాలి. మాయ పడకపోయినా, దుర్వాసన వచ్చినా అంతవరకు ఆగరాదు. మొదటి ఎద వదిలి, రెండు నెలలు నిండి, తీగ గాజులా తేటగా ఉన్నప్పుడే సూది వేయించాలి.

మరో చిక్కు ఉన్నది. సూది వేయించిన గేదె సరిగ్గా 42వ రోజున తిరిగి వస్తే, మధ్య ఎద మన కన్నుగప్పిందని అనుమానించాలి. 30, 35 రోజులకు వస్తే, నిలిచిన పిండం తొలి దశలోనే పోయి ఉండవచ్చు. తేదీ రాసుకోని ఇంట ఈ తేడా ఎవరికీ తెలియదు.

గేదె ఆవులా తీగలు వేలాడవేయదు. తెల్లవారుజామున అది పడుకున్న చోట నేల చూడండి. అరుపు, మాటిమాటికీ మూత్రం, పాలు ఎగబట్టడం గుర్తులు. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రమైతే మరునాటి ఉదయం సూది వేయించాలి. వేసవిలో మూగ ఎదలు ఎక్కువ. నీడ, రెండు పూటలా నీళ్లు తప్పవు. చూడి గేదెలు కొన్ని ఎద లక్షణాలు చూపుతాయి. పరీక్ష లేకుండా సూది వేయిస్తే ఉన్న చూడి పోతుంది.

ఆరో నెల దాటి ఈసుకుపోతే బ్రూసెల్లా అనుమానించి రక్తపరీక్ష చేయించాలి. ఆవుల్లో ఈ క్రిమిని 1897లో డెన్మార్కు వైద్యుడు బాంగ్ కనిపెట్టాడు. ఇది మనుషులకూ సోకుతుంది, నెలల తరబడి జ్వరం వచ్చిపోతుంటుంది. కొష్టం పని మన ఇళ్లలో ఆడవారిదే. పడిన పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టరాదు, గర్భిణులు దగ్గరకే పోరాదు. లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చాలి, కాలువలో పారవేయరాదు. పాలు కాచే తాగాలి. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు 2019లో మొదలైన కేంద్ర పథకం కింద టీకా ఉన్నది. ఒక్కసారి వేస్తే చాలు.

ఆ సభ్యురాలి గేదెకు రక్తపరీక్షలో దోషం లేదన్నారు. గర్భకోశానికి మందు వేశారు, ఒక ఎద వదిలి తరువాతి ఎదకు సూది వేశారు. చూడి పరీక్ష ఇంకా కాలేదు. బయానా మాత్రం తిరిగి ఇచ్చేశారు.