మురుగు పైపులో కెమెరా.. చదవగలిగితే కొలువు

ఇల్లు కొనేముందు మనవాళ్లు ఏమేం చూస్తారో మీకు తెలుసు. ఈశాన్యం, బోరు నీళ్లు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ. మురుగు పైపు ఎలా ఉందని ఎవరైనా అడిగారా? అమెరికాలో పాత ఇల్లు కొనేవాళ్లు చాలామంది అడుగుతారు. సంతకం పెట్టకముందే ఒక ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించి, ఇంటి నుంచి వీధి మెయిన్ దాకా వెళ్లే పైపులోకి కెమెరా పంపిస్తారు. దీన్ని అక్కడ ‘సీవర్ స్కోప్’ అంటారు. అక్కడ ఇల్లు కొన్న అన్నయ్యో బాబాయో మీకుంటే ఓసారి అడిగి చూడండి.

కారణం సింపుల్. మామూలు హోమ్ ఇన్‌స్పెక్షన్‌లో భూమిలోపలి పైపు లెక్కలోకి రాదు. చాలా ఊళ్లలో మెయిన్‌ను కలిసే దాకా ఆ పైపు బాధ్యత ఇంటి ఓనర్‌దే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన కొన్ని ఇళ్లకు ‘ఆరెంజ్‌బర్గ్’ పైపులు వేశారు. చెక్క గుజ్జును తారుతో కలిపి చేసిన గొట్టాలవి. ఏళ్లు గడిచాక మట్టి బరువుకు నొక్కుకుపోతాయి. ఇంకా పాతవైన మట్టి పైపుల్లోకి అతుకుల దగ్గర చెట్ల వేర్లు దూరతాయి. పరీక్షకు వందల డాలర్లలో పోతుంది. తవ్వి పైపు మార్చాలంటే వేలల్లో!

పని ఎలా ఉంటుంది?

బిరుసుగా ఉండి వంగే పొడవాటి కేబుల్, దాని కొసన ఎల్‌ఈడీ లైట్లతో చిన్న కెమెరా. ఇళ్ల పైపులకు ఇది చాలు. పెద్ద లైన్లకు చక్రాల మీద నడిచే క్రాలర్ వాడతారు. ఇంటి పైపుల్లో వాడే కెమెరా తలలో సాధారణంగా 512 హెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. పైన నేల మీద లోకేటర్ పట్టుకుని నడిస్తే కెమెరా ఎక్కడ, ఎంత లోతులో ఉందో తెలిసిపోతుంది.

కేబుల్ తోయడం నాలుగు రోజుల్లో వచ్చేస్తుంది. అసలు పని స్క్రీన్ మీద ఉంది. పైపులో ఒకచోట నీళ్లు నిలిచి ఉన్నాయనుకోండి. పైపు అక్కడ కుంగిందా, లేక ముందు ఎక్కడో అడ్డు పడి నీళ్లు వెనక్కి తన్నాయా? మొదటిదైతే తవ్వాలి. రెండోదైతే జెట్టింగ్‌తో పోతుంది. లైన్ కడిగించి, మళ్లీ కెమెరా పంపి చూశాకే రిపోర్టు రాయాలి. తొందరపడి ‘కుంగింది’ అని రాస్తే ఒక కుటుంబం పొదుపు డబ్బు మట్టిపాలు. చూసే కంపెనీ, తవ్వే కంపెనీ ఒకటే అయినప్పుడు ఆ తొందర ఎక్కువే ఉంటుంది.

అందుకే రాయడానికి ఒక పద్ధతి పెట్టారు. అమెరికాలో నాస్కో (మన నాస్కామ్ కాదు) అనే సంస్థ ఇచ్చే పీఏసీపీ సర్టిఫికేషన్‌లో ఒక్కో లోపానికి ఒక్కో కోడ్. ఎన్ని అడుగుల దూరంలో, గడియారం లెక్కలో ఏ గంట దగ్గర ఉందో రాయాలి. తీవ్రతకు 1 నుంచి 5 గ్రేడ్లు, 5 అన్నిటికంటే ప్రమాదం. ఇంటి పైపులకు ఎల్‌ఏసీపీ అని వేరే ఉంది.

మన దగ్గర?

ఇల్లు కొనేవాళ్లు కెమెరా పెట్టించడం మన దగ్గర ఇంకా అలవాటు కాలేదు. కానీ రెరా చట్టం సెక్షన్ 14 చదవండి. ఇల్లు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ, పనితనం, సర్వీసుల లోపం బయటపడి బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో సొంత ఖర్చుతో బాగు చేయాలి. అలాంటప్పుడు ఫ్లాట్ ఓనర్ల చేతిలో ‘ఎప్పుడూ జామ్ అవుతోంది సార్’ అనే మాట కంటే వీడియో బలంగా నిలబడుతుంది. నాకైతే ఇక్కడ పని పుడుతుందనే అనిపిస్తోంది.

ఈరోజు అవకాశాలు మాత్రం ఎక్కువగా నగరాల సీవరేజీ లైన్లలో, సీసీటీవీ సర్వే చేసే కాంట్రాక్టు సంస్థల్లో చూసుకోవాలి. కేంద్రం 2021లో మొదలుపెట్టిన అమృత్ 2.0లో మురుగునీటి పనులూ ఉన్నాయి. డిప్లొమా, బీటెక్ సివిల్ వాళ్లకు ఇది దగ్గరి దారి. ఐటీఐ చేసినవాళ్లు ఆపరేటర్లుగా మొదలుపెట్టొచ్చు. 2013లో వచ్చిన సీపీహెచ్‌ఈఈఓ సీవరేజీ మాన్యువల్ తిరగేయండి. పైపులో మడ్డి పేరుకోకుండా నీటి వేగం సెకనుకు 0.6 మీటర్లు ఎందుకు ఉండాలో ఇంటర్వ్యూలో చెప్పగలగాలి.

సీఎస్‌ఈ వాళ్లూ ఆగండి, మీకూ ఉంది. డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు 2021లో ‘సీవర్-ఎంఎల్’ పేరుతో పైపుల లోపలి 13 లక్షల చిత్రాల డేటాసెట్ విడుదల చేశారు. ఫైనలియర్ ప్రాజెక్టుకు మళ్లీ ఫేస్ రికగ్నిషనే ఎందుకు? లోపాలను కంప్యూటర్ గుర్తుపట్టినా, కుంగిందా అడ్డు పడిందా అన్న తీర్పు ఇంకా మనిషి చేతిలోనే ఉంది.

వాసన ఉంటుంది, ఎండ ఉంటుంది. లైన్లో నీళ్లు తగ్గే వేళ చూసుకుని రాత్రిళ్లు పని పడుతుంది. ‘మురుగు పైపుల ఉద్యోగమా?’ అని చుట్టాలు మూతి విరుస్తారు, విరవనివ్వండి. ఇంకో మాట మాత్రం మర్చిపోవద్దు. రక్షణ లేకుండా మనుషుల్ని సీవర్లలో దింపి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. అయినా చావులు ఆగలేదు. లోపల ఏముందో చూడటానికి మనిషి దిగాల్సిన పని లేకుండా చేసేదే ఈ కెమెరా. కాబట్టి ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు మీరు అడగాల్సింది: మ్యాన్‌హోల్ మూత తీసేటప్పుడు గ్యాస్ డిటెక్టర్ వాడతారా? కెమెరా ఇరుక్కుపోతే బయటికి ఎలా తీస్తారు? ‘ఎవరో ఒకరు దిగుతారులే’ అన్నారంటే, ఆఫర్ లెటర్ తీసుకోకుండానే వచ్చేయండి.