బండిలో కూర్చున్న గుమాస్తా

మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. రేవు పని అంటే టిప్పర్లు, లారీలు. టెక్కలి గ్రానైటు, పలాస జీడిపప్పు అంతకుముందు నుంచే లారీల మీద ఊళ్ళు దాటుతున్నాయి. మన హాస్టల్లో డ్రైవర్ల, క్లీనర్ల పిల్లలం తక్కువమందిమి కాము. అందుకే ఈ సంచికకు లారీ లోపల లెక్కలు రాసే గుమాస్తా గురించి రాస్తున్నాం.

ఇప్పటి బండ్లలో ఇంజనును అదుపు చేసేది ఒక చిన్న కంప్యూటరు. ఇంజను వేడి, బండి వేగం, నిమిషానికి తిరిగే చుట్లు, లోపలికి వెళ్ళే గాలి, వీటిని సెన్సార్లు దానికి క్షణక్షణం చెబుతుంటాయి. ఏదైనా హద్దు దాటితే అది డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగించి, ఒక కోడు రాసిపెట్టుకుంటుంది. ఉదాహరణకు పి0217 అంటే ఇంజను మితిమీరి వేడెక్కిందని. దీన్నే ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్, పొట్టిగా ఓబీడీ అంటారు. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఒకే రకం పదహారు పిన్నుల సాకెట్టు తప్పనిసరైంది. మన దేశంలో భారత్ స్టేజ్-4 బండ్లకు మొదటి దశ 2010 ఏప్రిల్లో, రెండో దశ 2013 ఏప్రిల్లో వచ్చాయి. అసలు ఇది పుట్టింది పొగను అదుపు చేయడానికి. డ్రైవరు మీద నిఘా తర్వాత వచ్చిన ఉపయోగం!

ఆ నిఘా ఎలాగంటే, ఇంజను కబుర్లకు జీపీఎస్‌ను, ఒక సిమ్ కార్డును జతచేస్తారు. బండి ఎక్కడుంది, ఎంత వేగంలో ఉంది, ఇంజను ఆన్‌లో ఉందా అన్నవి యజమాని ఫోనులో కనిపిస్తాయి. 2019 జనవరి 1 నుంచి రిజిస్టరయ్యే కొత్త బస్సులు, టాక్సీలకు ట్రాకరు, అపాయంలో నొక్కే బటను ఉండాలని కేంద్ర నిబంధన.

చిక్కు ఇక్కడే. కాటా దగ్గర రెండు గంటలు వరుసలో నిలబడి, అడుగడుగూ ముందుకు జరుపుతూ ఉన్న డ్రైవరును తీసుకోండి. రిపోర్టులో పడేది "ఇంజను ఆన్, వేగం సున్నా" అని మాత్రమే. వరుస సంగతి పెట్టెకు తెలియదు. డీజిలు లెక్క కూడా చాలాసార్లు కంప్యూటరు వేసిన అంచనాయే. ఆ కాగితం పట్టుకుని జీతంలో కోత పెడితే నష్టపోయేది మన ఇళ్ళే.

అయితే అదే పెట్టె డ్రైవరు పక్షాన సాక్ష్యం కూడా చెప్పగలదు. కోడు పడిన క్షణంలో వేగమెంత, వేడి ఎంత, చుట్లు ఎన్ని అన్నది అది భద్రపరుస్తుంది. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. "నీ తోలకం వల్లే ఇంజను పోయింది" అన్నప్పుడు, ఆ క్షణంలో వేగం, చుట్లు మామూలుగానే ఉండి వేడి ఒక్కటే పెరిగి ఉంటే, ముందు రేడియేటరునో నీళ్ళ పంపునో చూడాలి కదా! కోడు చెరిపేస్తే ఆ వివరమూ పోతుంది. దీపం ఆరుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

కార్లకు, వ్యాన్లకు చిన్న బ్లూటూత్ స్కానరు, ఫోను ఉంటే చాలు, కోడు మనమే చదువుకోవచ్చు. పెద్ద లారీల్లో జె1939 అనే వేరే పద్ధతి ఉంటుంది కనుక మెకానిక్కు దగ్గరి యంత్రమే కావాలి. కోడు చెరపకముందే ఆ తెరను ఫోనులో ఫోటో తీసుకోమని మేము సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఇంట్లో చెబుతున్నాం. మీరూ చెప్పండి.