కారు సైలెన్సర్‌ నుంచి మంటలు రావాలా? బిగించే ముందు ఈ విషయాలు తెలుసుకోండి

యాక్సిలరేటర్‌ మీద నుంచి కాలు తీయగానే టపటపమనే శబ్దం, వెనక పైపు నుంచి నీలం-నారింజ రంగు మంట. రీల్స్‌లో ఇలాంటి వీడియోలు మీరూ చూసే ఉంటారు. ‘మన కారుకూ చేయిద్దాం’ అనుకునేవాళ్లకు ట్యూనింగ్‌ షాపులు వెంటనే రేటు చెబుతాయి. ఆ తర్వాత ఆర్‌సీ, బీమా, పొల్యూషన్‌ సర్టిఫికెట్‌ సంగతి ఏమవుతుందో మాత్రం చాలాచోట్ల చెప్పరు. ఆ వివరాలు ఇవీ.

అసలు మంట ఎలా వస్తుంది?

పెట్రోల్‌ ఇంజిన్‌లో ఒక కిలో పెట్రోల్‌ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ మంట సిలిండర్‌ లోపలే పూర్తయి, పైపులోకి పొగ మాత్రమే వెళ్తుంది. మీరు కాలు తీస్తే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌, అంటే ఈసీయూ, పెట్రోల్‌ సరఫరా ఆపేస్తుంది. సైలెన్సర్‌ నుంచి మంట రావాలంటే ఈ పద్ధతిని చెడగొట్టాలి. అందుకు సాధారణంగా మూడు దారులున్నాయి.

• ఈసీయూ ట్యూనింగ్‌: కాలు తీసినా పెట్రోల్‌ ఆగకుండా, స్పార్క్‌ ఆలస్యంగా పడేలా ప్రోగ్రామ్‌ మారుస్తారు. మండని పెట్రోల్‌ వేడి పైపులోకి వెళ్లి అక్కడ అంటుకుంటుంది.

• స్పార్క్‌ కిట్‌: పైపు చివర స్పార్క్‌ప్లగ్‌ బిగించి, మండని పెట్రోల్‌ను అక్కడ వెలిగిస్తారు. పాతకాలపు కార్బ్యురేటర్‌ బళ్లలో ఇది ఎక్కువ.

• గ్యాస్‌ కిట్‌: డిక్కీలో చిన్న సిలిండర్‌ పెట్టి, పైపు చివర గ్యాస్‌ వదిలి వెలిగిస్తారు. అన్నిటికంటే ప్రమాదకరమైంది ఇదే. ఇంటి గ్యాస్‌ సిలిండర్‌ వాడితే అది మరో నేరం.

ర్యాలీ కార్ల నుంచి మంటలు రావడం నిజమే. అయితే అక్కడ అది అలంకారం కాదు. మలుపులో టర్బో వేగం పడిపోకుండా ఉండేందుకు వాడే ‘యాంటీ ల్యాగ్‌’ వల్ల అలా జరుగుతుంది. అందువల్ల టర్బో త్వరగా పాడవుతుందని జట్లకు తెలుసు, విడిభాగాలు సిద్ధంగా పెట్టుకుంటాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు ఆ వెసులుబాటు ఉండదు.

కారుకు ఏమవుతుంది?

ముందు దెబ్బతినేది క్యాటలిటిక్‌ కన్వర్టర్‌. మండని పెట్రోల్‌ అందులోకి చేరి మండితే, లోపలి తేనెపట్టులాంటి సెరామిక్‌ కరిగి పొగదారి మూసుకుపోతుంది. అప్పుడు ఇంజిన్‌ బలం తగ్గుతుంది, డ్యాష్‌బోర్డులో ఇంజిన్‌ లైట్‌ వెలుగుతుంది. కొన్ని షాపులు ‘ఆ తలనొప్పి లేకుండా’ కన్వర్టర్‌నే తీసేస్తాయి. అది మరో ఉల్లంఘన. ఇక ఆక్సిజన్‌ సెన్సర్‌, టర్బో, ఎగ్జాస్ట్‌ వాల్వులు, బంపర్‌ ప్లాస్టిక్‌ కూడా వేడికి దెబ్బతినవచ్చు.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 52 ప్రకారం, తయారీ సంస్థ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. ఉల్లంఘిస్తే వర్తించేవి ఇవి:

• సెక్షన్‌ 182ఏ(4): అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

• సెక్షన్‌ 190(2): శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలకు విరుద్ధంగా నడిపితే మొదటిసారి రూ.10,000 వరకు జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ. దీంతోపాటు 3 నెలలు లైసెన్సుకు అనర్హత.

• సెక్షన్‌ 53: బండి ప్రజలకు ప్రమాదకరంగా ఉందని తేలితే రవాణా శాఖ నోటీసు ఇచ్చి, మీ వాదన విని, ఆర్‌సీని సస్పెండ్‌ చేయవచ్చు. సస్పెన్షన్‌ 6 నెలలు కొనసాగితే రిజిస్ట్రేషన్‌ను రద్దు కూడా చేయవచ్చు.

• భారతీయ న్యాయ సంహిత సెక్షన్‌ 287: నిప్పుతో నిర్లక్ష్యంగా వ్యవహరించి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే 6 నెలల వరకు జైలు, లేదా రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ.

‘రూ.5,000 కట్టేస్తే పోతుంది’ అనుకోవద్దు. జరిమానా కట్టినంత మాత్రాన ఆ మార్పు చట్టబద్ధం కాదు. మళ్లీ పట్టుబడితే మళ్లీ కేసే.

పొల్యూషన్‌ సర్టిఫికెట్‌ ఉంటే చాలదా?

చాలదు. ఆ పరీక్ష బండిని నిలిపి, ఇంజిన్‌ను ఆన్‌లో ఉంచి చేస్తారు. మంట వచ్చేది ఎక్కువగా వేగం తగ్గించినప్పుడు. అందుకే ట్యూన్‌ చేసిన కారు కూడా ఒక్కోసారి పాస్‌ కావచ్చు. ఆ సర్టిఫికెట్‌ పొగ కొలత గురించి మాత్రమే చెబుతుంది, మార్పులకు అనుమతి ఇవ్వదు.

పక్కవాళ్ల మాటేమిటి?

మన సిగ్నళ్ల దగ్గర కారు వెనక బంపర్‌కు ఆనుకునేంత దగ్గరగా బైకులు ఆగుతాయి. కారు పైపు ఎత్తు దాదాపు బైకు మీద కూర్చున్నవాళ్ల కాళ్ల ఎత్తే. చున్నీ, చీర కొంగు, ముందు నిలబడిన పిల్లలు, అన్నీ ఆ మంటకు అందే దూరంలోనే ఉంటాయి. ఇక పెట్రోల్‌ బంకు సంగతి చెప్పనక్కర్లేదు.

బీమా వస్తుందా?

కారులో చేసిన మార్పులను బీమా సంస్థకు చెప్పాలి. చెప్పకుండా చేయించి, ఆ మార్పు వల్లే కారు కాలిపోతే మీ నష్టానికి క్లెయిమ్‌ తిరస్కరించే అవకాశం ఉంది. మార్చిన భాగాలకు తయారీ సంస్థ వారంటీ కూడా దక్కకపోవచ్చు.

ఏ మార్పులకు అనుమతి ఉంది?

రంగు మార్పు, ఆమోదం పొందిన సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ కిట్‌, దివ్యాంగుల కోసం చేసే మార్పులు వంటివాటికి వీలుంది. అవి నిబంధనల ప్రకారం చేయించి, ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. మంటలు చిమ్మే ఎగ్జాస్ట్‌కు మాత్రం అలాంటి దారి లేదు.

ఇప్పటికే బిగించి ఉంటే?

• కంపెనీ అధీకృత సర్వీస్‌ సెంటర్‌లో ఈసీయూను పాత ప్రోగ్రామ్‌కు మార్పించండి.
• ఒరిజినల్‌ సైలెన్సర్‌, క్యాటలిటిక్‌ కన్వర్టర్‌ తిరిగి పెట్టించి బిల్లులు దాచుకోండి.
• కొత్తగా పొల్యూషన్‌ పరీక్ష చేయించండి.
• నోటీసు వస్తే గడువులోగా జవాబివ్వండి. ఆర్‌సీ సస్పెండ్‌ చేస్తే, ఉత్తర్వు అందిన 30 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.

సెకండ్‌ హ్యాండ్‌ కారు కొంటున్నా జాగ్రత్త. పైపు చివర నల్లగా కాలిన గుర్తులు, కొత్తగా వెల్డింగ్‌ చేసిన అతుకులు, కన్వర్టర్‌ స్థానంలో ఖాళీ పైపు కనిపిస్తే అనుమానించాలి. బేరం కుదిరేలోగా పరివాహన్‌ పోర్టల్‌లో పెండింగ్‌ చలాన్లు చూసుకోండి. మార్పు చేసింది పాత యజమానే అయినా, రోడ్డు మీద ఆపినప్పుడు స్టీరింగ్‌ పట్టుకుని ఉండేది మీరే.

సరదా తీరాలంటే?

చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులోని కరి మోటార్‌ స్పీడ్‌వే లాంటి ట్రాకులు ఉన్నాయి. నిర్వాహకుల అనుమతి, భద్రతా నియమాలు తప్పనిసరి. రేసు కోసం మార్చిన కారును అక్కడికి నడుపుకుంటూ వెళ్లకూడదు, మరో వాహనం మీద ఎక్కించి తీసుకెళ్లాలి.