సంశయమునకు గడువు

అనుమానము పెనుభూతమని మన పెద్దలు ఊరకే యనలేదు. భూతము చీకటిలో నుండును. దాని పేరెత్తుటకు మనము జంకినకొలది అది పెరుగును. నేడు నేను ప్రస్తావింపబోవు భయము అట్టిదే. ఒకనాటి తొందరపాటు సంపర్కమువలన తనకు సుఖవ్యాధి సోకినదేమో యని మనస్సున నాటుకొనిన భయమిది. ఇంటిల్లిపాదియు వినుచున్నప్పుడు ఇట్టి మాట యెత్తుట మర్యాదయా యని కొందరికి తోచవచ్చును. మర్యాద పేరిట మనము మౌనము వహించుటచేతనే పలువురు ఒంటరిగా కుములుచున్నారు. కావున సభ్యతకు భంగము రానీయక, చెప్పవలసినదానిని దాచక చెప్పుదును.

ఈ వ్యాధులు మనకు క్రొత్తవి కావు. సెగ, కొరుకు, అడ్డగర్ర అను పేర్లు మన తాతలు ఎరిగినవే. 16వ శతాబ్దమున భావమిశ్రుడు తన 'భావప్రకాశము'నందు ఫిరంగరోగమును వర్ణించెను. పరంగులతో వచ్చినదగుటచే దానికా పేరు కలిగినది. ఆ కాలమున భయపడుటకు తగిన కారణమే యుండెను. వ్యాధిని నిశ్చయించు పరీక్ష లేదు. నిశ్చయముగా కుదుర్చు మందును లేదు. 1905లో జర్మనీ దేశమున షౌడిన్, హాఫ్‌మన్ అను వారిరువురు కొరుకువ్యాధికి కారణమైన క్రిమిని కనుగొనిరి. 1906లో వాసర్మన్ మొదలగువారు రక్తపరీక్షను కల్పించిరి. 1943లో అమెరికాలో మహోనీ అను వైద్యుడు ఈ వ్యాధికి పెన్సిలిన్ పనిచేయునని చూపెను. నాటినుండి ఆ వ్యాధి సూదిమందుతో కుదురు వ్యాధియైనది.

తరువాత ఎయిడ్స్ వచ్చినది. 1986లో మద్రాసున డాక్టరు సునీతి సోలొమన్, డాక్టరు నిర్మల చేసిన పరిశోధనలో మన దేశమున హెచ్.ఐ.వి. మొట్టమొదట బయటపడినది. మా విజయవాడ పెద్ద రైలు కూడలి. కలకత్తా మద్రాసు రహదారియు, హైదరాబాదు రహదారియు ఇచ్చట కలియును. లారీలతో, రైళ్లతో, కూలివలసలతో సరకులు వచ్చినట్లే వ్యాధియు వచ్చినది. దానికన్న ముందు భయము వచ్చినది. అప్పుడు ఈ వ్యాధియనగా మరణశాసనమనియే జనులు తలచిరి. 2004 ఏప్రిలు 1వ తేదీనుండి ప్రభుత్వము ఈ వ్యాధికి ఉచితముగా మందులిచ్చుట ప్రారంభించినది. నేడు మందులు క్రమముగా వాడుచు, రక్తమున క్రిమి కనబడనంత తగ్గిన స్థితిలో నిలుచువారు చిరకాలము జీవించుచున్నారు. వారివలన సంపర్కముచే ఇతరులకు ఆ వ్యాధి సోకదు. వ్యాధి స్వరూపము ఇంతగా మారినది. భయము మాత్రము తాతలనాటి భయముగానే యున్నది.

బాల్యమున మాకు తర్కము చెప్పిన గురువులు గౌతమమహర్షి పేర్కొన్న పదునారు పదార్థములను వల్లె వేయించెడివారు. వానిలో సంశయము మూడవది, నిర్ణయము తొమ్మిదవది. శాస్త్రకారులు సంశయమును దోషముగా నెంచలేదు. సంశయము లేనివాడు విచారింపడు, విచారింపనివాడు తెలిసికొనడు. కాని సంశయమునకు ప్రయోజనము నిర్ణయమే. ప్రమాణముచేత నిర్ణయము కలిగిన పిమ్మట మరల అదే సంశయము పుట్టినయెడల, దానికి క్రొత్త కారణము చూపవలయును. కారణము చూపలేనిది సంశయము కాదు, అలవాటు. ఈ యొక్క సంగతిని మనస్సున నుంచుకొని తక్కిన మాటలు వినుడు.

భయము మనిషికి చేయగల మేలు ఒకటి కలదు. కాలము మించకుండ అతనిని వైద్యుని యొద్దకు నడిపించుటయే ఆ మేలు. సంపర్కము జరిగిన 72 గంటలలోపల పోయినచో, అవసరమని వైద్యుడు తలచినయెడల, హెచ్.ఐ.వి. సోకకుండ నడ్డుకొను మందులను 28 దినములు వాడింతురు. ఎంత త్వరగా మొదలిడిన అంత మేలు. హెపటైటిస్-బి టీకా వేసికొననివారికి ఆ టీకాయు వేయుదురు. ఈ మూడు దినములను ఎవరికి చెప్పుదునా, ఎవరు చూతురా యని గదిలో కూర్చుండి గడపుటకన్న పెద్ద నష్టము లేదు.

72 గంటలు దాటిన పిదప చేయవలసినది, పరీక్షకు తగిన దినమును తెలిసికొని అంతవరకు ఆగుట. క్రిమి ప్రవేశించిన మరునాడే పరీక్షలో కనబడదు. ఈ మధ్యకాలమును వైద్యులు విండో పీరియడ్ అందురు. సెగ మగవారిలో సాధారణముగా వారము దినములలోపల మంటగను చీముగను బయటపడును. క్లమీడియా యనునది పలువురిలో ఏ లక్షణమును చూపదు గనుక, రెండు వారములు గడచిన పిదప మూత్రపరీక్ష చేయింతురు. కొరుకుపుండు 10 మొదలు 90 దినములలోపల, తరచుగా మూడు వారములకు కనబడును. నొప్పి లేనందున దానిని ఉపేక్షించు ప్రమాదము కలదు. దీని రక్తపరీక్షను మూడు నెలలు నిండిన పిదప చేయించినచో సందేహము తీరును. హెచ్.ఐ.వి. విషయమున, ప్రయోగశాలలో చేయు నాల్గవతరము పరీక్ష 45 దినములకును, వ్రేలికొస రక్తముతో చేయు త్వరిత పరీక్ష 90 దినములకును నమ్మదగిన తీర్పు నిచ్చును. అడ్డుకొను మందులు వాడినవారికి ఈ లెక్క వేరు. దానిని వైద్యుడే చెప్పవలయును.

ఆందోళనపడినవాడు ఈ గడువును సహింపడు. నాల్గవనాడు ఒక పరీక్ష, పదవనాడు మరియొకటి చేయించును. లేదని వచ్చినను నమ్మడు. అప్పటికి నమ్మదగినదియు కాదు. నారు నాటిన మరునాడు కొడవలి పట్టుకొని చేనికి పోవు రైతు మన కృష్ణా డెల్టాలో నుండునా? పంటకు కాలమున్నట్లే పరీక్షకును కాలమున్నది. తేదీని వైద్యునిచేత వ్రాయించుకొని, గోడమీది క్యాలెండరున ఒక చుక్క పెట్టుకొని, అంతవరకు తన పని తాను చూచుకొనుటయే వివేకము.

ఈ నడుమ శరీరమే మనలను మోసగించును. భయపడినవానికి గుండె వేగముగా కొట్టుకొనును, చెమట పట్టును, నోరెండును, విరేచనములగును, మాటిమాటికి మూత్రమునకు పోవలసి వచ్చును, నిద్ర పట్టదు, అన్నము సహింపక బరువు తగ్గును. ఇవియన్నియు భయముయొక్క లక్షణములు. వానినే అతడు వ్యాధిలక్షణములుగా లెక్కించును. మెడలోని బిళ్లలను రోజునకు ఇరువదిమారులు నొక్కి చూచుకొనినచో అవి నొప్పి పెట్టక యేమి చేయును? అద్దము ముందు నాలుక చాచి చూచిన ప్రతిదినమును ఏదో తెలుపు కనబడకపోదు. ఇంతకు పూర్వము వైద్యగ్రంథములు తిరుగవేసి బెదరెడివారు. నేడు అరచేతిలోని ఫోనును అర్ధరాత్రి అడిగి బెదరుచున్నారు.

సంఖ్యలను గూడ ఒకమారు చూడుడు. చికిత్స పొందని హెచ్.ఐ.వి. రోగితో సామాన్యమైన స్త్రీపురుష సంపర్కము ఒక్కమారు కలిగినచో, వ్యాధి సోకు సంభావ్యత సగటున వేయింట ఒకటికన్న తక్కువ. ఇది నిర్లక్ష్యమునకై చెప్పిన మాట కాదు. సెగ, కొరుకు మొదలగునవి ఇంతకన్న సులభముగా నంటును గాని, అవి మందులకు లొంగునవి. దోమకాటువలనను, ఒకే కంచమున తినుటవలనను, చేయి కలుపుటవలనను హెచ్.ఐ.వి. రాదు.

సరియైన దినమున పరీక్ష జరిగి, వ్యాధి లేదని తేలినదనుకొందము. ఇచ్చటనే అసలు చిక్కు. నివేదిక చేతికి వచ్చిన రెండు దినములు హాయిగా నుండును. మూడవదినమున 'రక్తపు సీసా తారుమారైనదేమో' యను తలంపు వచ్చును. మరల పరీక్ష, మరల రెండు దినముల హాయి. సరియైన జవాబు వ్రాసిన పిల్లవాడు దానిని పదిమారులు సరిచూచుకొని, పదునొకండవమారు తప్పుగా దిద్ది యిచ్చుటను బడిలో నేనెన్నోమారులు చూచితిని. సరిచూచుకొనుట ఒక హద్దువరకే జ్ఞానమునకు తోడ్పడును. హద్దు దాటినపిదప సందేహమునకు మేత యగును. ఇట్టి భయము ఆరు నెలలకు మించి నిలిచినచో, దానినే ఒక వ్యాధిగా వైద్యులు గుర్తింతురు. దానికి చికిత్స కలదు. ఆలోచనను, అలవాటును దిద్దు సంభాషణచికిత్సయు, అవసరమైనచో మందులును ఇత్తురు.

ఆ చికిత్సలోని మెలకువలు కొన్ని ఇంటనే మొదలుపెట్టవచ్చును. శరీరమును తడిమి చూచుకొనవలయునను కోరిక పుట్టినప్పుడు, పావుగంట ఆగుదునని గడియారము చూచుకొనుము. ఆ పావుగంట గడచునప్పటికి కోరిక కొంత తగ్గును; రేపు అరగంట ఆగుము. ఫోనులో లక్షణములు వెదకుట మానుము. 'నాకేమియు లేదు గదా?' యని మిత్రుని పదేపదే యడిగి ఓదార్పు పొందుటయు పరీక్షవంటిదే, దానిని తగ్గించుము. విచారించుటకు సాయంకాలము ఒక పావుగంట కేటాయించి, తక్కిన వేళలలో తలంపు వచ్చినప్పుడు 'సాయంకాలము చూతము' అని వాయిదా వేయుము. నడక, వేళకు భోజనము, వేళకు నిద్ర వీనిని విడువకుము. నమ్మకమైన ఒక్క మనుష్యునితోనైనను సంగతి చెప్పుకొనుము.

కొందరిలో ఈ భయమునకు వేరు మరియొకచోట నుండును. 'నేను తప్పు చేసితిని. తప్పునకు శిక్ష రావలయును. కావున నివేదిక అబద్ధము.' ఈ వాదమును చూడుడు. ఇది హేత్వాభాసము. పరీక్ష నెత్తురును చూచును గాని నడవడిని చూడదు. పశ్చాత్తాపము కలిగినయెడల దానికి తగిన మార్గములున్నవి: నడత దిద్దుకొనుట, ఇంటివారియెడ నిజాయితీతో మెలగుట. లేని వ్యాధిని తలపై వేసికొనుట ప్రాయశ్చిత్తము కాదు. దానివలన భార్యకు గాని బిడ్డలకు గాని ఒరుగునదేమియు లేదు.

ఇంటివారియెడ నిజమైన బాధ్యత వేరొకటి యున్నది. ఫలితము తేలువరకు దాంపత్యమున సంయమము పాటింపవలయును, లేదా నిరోధ్ వాడవలయును. పరీక్ష ఉచితముగా జరుగునను ఆశతో రక్తదానము చేయరాదు; గడువులోపలి రక్తము మరియొకని ప్రాణమునకు ముప్పు తేవచ్చును. వ్యాధి యున్నదని తేలినచో భార్యాభర్తలిరువురును చికిత్సకు పోవలయును. ఒక్కరు మాత్రమే మందు వాడినచో సెగ, కొరుకువంటివి మరల అంటుకొనును.

ఊహలోని వ్యాధియు ప్రాణము తీయగలదు. 2020 ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో నొక గృహస్థు తనకు కరోనా సోకినదని తానే నిశ్చయించుకొని, తన వారికి అంటునేమో యని వారిని దగ్గరకు రానీయక, తుదకు ప్రాణము తీసికొనెను. అప్పటికి మన రాష్ట్రమున ఆ వ్యాధి ఒక్కరికైనను ఉన్నట్లు నమోదు కాలేదు. ఆయనను చంపినది క్రిమి కాదు. సుఖవ్యాధి భయమునకు సిగ్గు కూడ తోడగును గనుక, అది మరింత ప్రమాదకరము. అట్టి తలంపు ఎవరికైనను వచ్చినచో, ఆ క్షణముననే ఎవరినైనను పిలువవలయును. మానసిక సహాయమునకు ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలి-మానస్ సంఖ్య 14416, హెచ్.ఐ.వి. సందేహములకు 1097. రెండును ఉచితములు.

మా గుణదలలో సిద్ధార్థ వైద్యకళాశాలయు, దాని పెద్దాసుపత్రియు నున్నవి. ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్లకు లక్షలాదిజనులు వచ్చు ఈ యూరిలో, ఆసుపత్రి వరుసలో నిలువబడిన ఒక్కని నెవరు గుర్తింతురు? ఐనను మనవాడు గుంటూరు పోయి పరీక్ష చేయించుకొనును. గుంటూరువాడు ఇచ్చటికి వచ్చును. ఇంత శ్రమ అక్కరలేదు. ప్రభుత్వ వైద్యశాలలలోని ఐ.సి.టి.సి. కేంద్రములలో పరీక్షకు ముందును వెనుకను సలహాదారు మాటలాడును. సుఖవ్యాధులకు సురక్షా క్లినిక్కులున్నవి. 2017నాటి హెచ్.ఐ.వి. చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము, సమ్మతి లేనిదే ఈ పరీక్ష చేయరాదు; చట్టము చెప్పిన కొలది సందర్భములలో తప్ప ఫలితమును ఇతరులకు వెల్లడింపరాదు. విజయవాడ వైద్యులు డాక్టరు జి. సమరముగారు చెప్పుకొన సిగ్గుపడు ఇట్టి సంగతులను గూర్చి దశాబ్దములపాటు పత్రికలలో పాఠకులకు సమాధానములు వ్రాసిరి. అడుగువారు ఇందరుండగా ఈ బాధ నాకొక్కనికే యనుకొనుట పొరపాటు.

శ్రోతలారా! మీ యింట ఒక కుమారుడో తమ్ముడో అల్లుడో కారణము చెప్పక చిక్కిపోవుచున్నచో, మొదట కోపింపకుడు. 'ఏమైనను సరే, ఆసుపత్రికి పోదము, నేను తోడు వత్తును' అని యొక్కమాట యనుడు. వైద్యుడు చెప్పిన దినమున పరీక్ష చేయింపుడు. ఉన్నదనినచో మందు వాడింపుడు. లేదనినచో ఆ నివేదికను మడిచి పెట్టెలో పెట్టి, మరునాడు అతనిని పనికి పంపుడు. సంశయము తన పని తాను చేసినది, దానికిక సెలవు.