కాగిన కడ్డీకి కాంతియే కొలబద్ద

మన గ్రామములలో కమ్మరి కొలిమి వద్ద నిలిచి చూచినవారికి ఒక విషయము తెలియును. కమ్మరి కాలుచున్న ఇనుమును తాకడు. రంగును చూచియే వేడిమిని గ్రహించును. కొలత చూడవలసినచో చల్లార్చి చూచును. పెద్ద ఉక్కు మిల్లులో అంతవరకు ఆగుటకు వీలు లేదు. ఎఱ్ఱగా కాగి పరుగెత్తు కడ్డీని అచ్చట ఎట్లు కొలుతురో వివరింపదలచితిమి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చేరువలోనే విశాఖ ఉక్కు కర్మాగారమున్నది. దానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితము చేసిరి. ఇట్టి కర్మాగారములలో బిల్లెట్లు అను ఉక్కు దిమ్మెలను కాచి, రోలర్ల నడుమ నొక్కి, కడ్డీలుగను తీగలుగను సాగదీయుదురు. చివరి రోలర్లను దాటునప్పుడు వాటి వేడిమి సుమారు 1000 సెంటీగ్రేడు డిగ్రీలు. ఆధునిక మిల్లులలో సన్నని తీగ సెకనుకు 100 మీటర్ల వేగముతో వెలువడగలదు. ఆ వేగమున విజయనగరము నుండి శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు సుమారు 12 నిమిషముల ప్రయాణమే! 5.5 మిల్లీమీటర్ల తీగ అయినచో నిమిషమునకు టన్నుకు పైగా తయారగును. చల్లారిన పిదప తప్పు తెలిసినచో అప్పటికే టన్నుల కొలది ఉక్కు తప్పు కొలతతో వచ్చియుండును.

కావున కాంతిని ఆశ్రయింతురు. కడ్డీకి ఒక వైపున దీపము, రెండవ వైపున కెమెరా ఉండును. నడుమ పడిన నీడ వెడల్పే కడ్డీ వ్యాసము. కాని కడ్డీ తానే వెలుగుచున్నది గదా! ఆ వెలుగులో ఎఱుపు, కంటికి కానరాని పరారుణ కిరణములు హెచ్చు. నీలము మిక్కిలి స్వల్పము. అందువలన నీలి దీపమును వాడి, కెమెరా ముందు నీలి కాంతిని మాత్రమే పోనిచ్చు అద్దమును ఉంచుదురు. కిరణములను సమాంతరముగా పంపినచో, కడ్డీ అదరి ముందువెనుకలకు జరిగినను నీడ వెడల్పు మారదు. కడ్డీ కోలగా ఉండవచ్చును గనుక పలు దిశల నుండి కొలుతురు.

ఇంకొక చిక్కు కలదు. వేడికి ఉక్కు వ్యాకోచించును. చల్లారినప్పుడు 20 మిల్లీమీటర్లు ఉండవలసిన కడ్డీ, కాగినప్పుడు సుమారు పావు మిల్లీమీటరు లావుగా ఉండవలెను. కాగినప్పుడే సరిగా 20 ఉన్నచో, చల్లారి 19.74కు తగ్గును. బరువు వ్యాసపు వర్గమును అనుసరించును గనుక మీటరు బరువులో సుమారు 2.6 శాతము లోటు వచ్చును. కాంక్రీటు కడ్డీలకు వర్తించు ఐ.ఎస్. 1786 ప్రమాణము, 16 మిల్లీమీటర్లకు మించిన కడ్డీల మొత్తపు తూకములో అనుమతించు తేడా 3 శాతమే. వేడిమిని లెక్కింప మరచినచో ఆ సడలింపు దాదాపు అంతయు హరించును. అందుచేత వేడిమిని కూడ కడ్డీ వెలుగును బట్టియే పైరోమీటరుతో కొలుతురు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినది. ఇట్టి తీరమున ఇంటి కప్పునకు కడ్డీయే బలము. ఇల్లు కట్టువారు కడ్డీలను లెక్కించుటతో తృప్తిపడరాదు, తూచవలెను. మీటరునకు 12 మిల్లీమీటర్ల కడ్డీ 0.888 కిలోలు, 20 మిల్లీమీటర్లది 2.47 కిలోలు తూగవలెను. మిల్లులో కాంతి చూచిన లెక్కను మన వాకిట త్రాసు సరిచూడగలదు. విద్యార్థి మిత్రులు ఈ చిన్న పరీక్షను తమ ఇంటనే చేసి చూతురుగాక!